మీ పేరంటే మీకు ఇష్టమేనా? నిజం చెప్పండి

గుట్టకింది_పిల్లగాడు | శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈరోజు రాయక తప్పలేదు.

నా పేరు పెంటయ్య. మాది యాదగిరిగుట్ట దగ్గర పల్లె. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాన్‌లో అన్నింటిలో అదే పేరు. ఆఫీసులో మాత్రం 'పి.వై.' అంటారు. చేరిన మొదటి రోజు పరిచయాల్లో నేనే అలా చెప్పుకున్నాను. పన్నెండేళ్ళయింది, మా టీమ్‌లో సగం మందికి పి.వై. అంటే ఏమిటో తెలియదు. తెలుగు రానివాళ్ళ ముందు పూర్తి పేరు చెప్పినా ఇబ్బంది ఉండదు, బాగుందంటారు కూడా. మనవాళ్ళ దగ్గరే కష్టం. పేరు వినగానే ఒక్క క్షణం ఆగి, నవ్వు ఆపుకుని, "ఏ ఊరు మీది?" అని మాట మారుస్తారు.

మా పాప మూడో తరగతి. బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. తాత పేరు, నానమ్మ పేరు చక్కగా రాసింది. నా దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆపి "నాన్నా, పి.వై. అని రాసెయ్యనా?" అంది. దానికి ఎవరు నేర్పారు? నేనే.

పేరు మార్చుకుందామని అఫిడవిట్ కాగితాలు తెచ్చుకున్నాను. కొత్త పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. మార్చుకున్నవాళ్ళుంటే ఎలా జరిగిందో చెప్పండి. మార్చుకోనివాళ్ళు కూడా రాయండి. మీ పేరుతో మీకు ఎలా ఉంటుంది?

కళ్ళద్దాల_శ్రీను | శనివారం రాత్రి 11:05

నాకు నా పేరు మీద కోపం లేదు, ప్రేమా లేదు. అది నాదొక్కడిదే అయితే కదా.

1979లో గుంటూరు జిల్లాలో పుట్టాను. తొమ్మిదో తరగతిలో మేం ఆరుగురం శ్రీనివాసులం. పొట్టి శ్రీను, నల్ల శ్రీను, డ్రిల్లు మాస్టారి శ్రీను, బెల్లంకొట్టు శ్రీను, నేను. ఆరోవాడు సంవత్సరం మధ్యలో వచ్చి చేరాడు. అప్పటికే మా దగ్గర గుర్తులన్నీ అయిపోయాయి, వాడికి 'ఇంకో శ్రీను' అని పెట్టాం. వాట్సాప్ గ్రూపులో ఈ రోజుకీ వాడు ఇంకో శ్రీనునే. ఇద్దరు పిల్లల తండ్రి, పెద్ద ఉద్యోగం, అయినా ఇంకో శ్రీనునే.

బజార్లో ఎవరైనా "శ్రీనూ" అని కేకేస్తే నేను తల తిప్పను. ఎలాగూ నలుగురు తిప్పుతారు. పెంటయ్య గారూ, మీ ఆఫీసులో రెండో పెంటయ్య ఉన్నాడా?

గుట్టకింది_పిల్లగాడు | శనివారం రాత్రి 11:12

లేడు శ్రీను గారూ. ఆ ఒక్కడూ నేనే కావడంతోనే వచ్చింది గొడవంతా.

సంఖ్యాబలం_999 | శనివారం రాత్రి 11:30

మీ పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'హెచ్', చివర ఇంకో 'ఏ' కలపండి. మొత్తం కూడితే అయిదు వస్తుంది. అయిదు బుధుడి సంఖ్య. వివరాలకు నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

కళ్ళద్దాల_శ్రీను | శనివారం రాత్రి 11:33

ఎన్ని హెచ్‌లు కలిపినా పిలిచేటప్పుడు వినబడేది ఒక్కటే కదండీ మహానుభావా.

తూనీగ (మోడరేటర్) | శనివారం రాత్రి 11:50

ఇక్కడ వ్యాపారం వద్దు. 999 గారికి ఇదే చివరి హెచ్చరిక. మిగతావాళ్ళు కానివ్వండి.

నాగావళి | ఆదివారం ఉదయం 6:20

పెంటయ్య గారూ, నా పేరు తవుడు. తవిటినాయుడు అని సర్టిఫికెట్లలో గౌరవంగా ఉంటుంది, ఊళ్ళో మాత్రం తవుడే. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు మాలాంటివాళ్ళు చాలామంది. తవిటయ్య, తవిటమ్మ, తవిటిరాజు. వీళ్ళు కాక అప్పన్న పేరు మీద అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ. సింహాచలం అనైతే ఆడవాళ్ళకీ పెడతారు, మగవాళ్ళకీ పెడతారు. పెళ్ళి శుభలేఖలో రెండు వైపులా సింహాచలమే ఉన్న సందర్భం నేను చూశాను.

తవుడు సంగతి ఇదీ. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పడుకోబెట్టి పక్కింటావిడ చేతికి ఇచ్చేస్తారు. ఆవిడకి తవుడు కొలిచిపోసి మళ్ళీ కొనుక్కుంటారు. తీసుకుపోయేవాడెవడో వాడి కంట పడకుండా ఎత్తు అన్నమాట. ఇది మా సొంత బిడ్డ కాదు, మంచి సరుకూ కాదు, గిద్దెడు తవుడు పెడితే వచ్చింది, దీని జోలికి రాకు అని.

విశాఖలో కాలేజీ హాస్టల్లో నన్ను మూడేళ్ళు 'దాణా' అన్నారు. మెస్సులో కూర్చుంటే కంచంలో ఉన్నదాన్ని చూపించి జోకులు. అప్పుడు ఏడ్చినమాట నిజమే. మా అమ్మ ఒకసారి హాస్టల్‌కి వచ్చి గేటు దగ్గర నిలబడి "మా తవుడున్నాడా బాబూ" అని వాచ్‌మన్‌ని అడిగింది. ఆవిడ నోట్లో ఆ మాట వేరేగా వినబడింది. అంతే, అంతకంటే వివరించలేను.

మీ పేరు వెనకా ఇలాంటిదే ఏదో ఉండి ఉంటుంది. అమ్మగారిని అడిగారా ఎప్పుడైనా?

గుట్టకింది_పిల్లగాడు | ఆదివారం ఉదయం 8:02

అడగలేదు. ఆ మాట ఎత్తితే అమ్మ పొయ్యి దగ్గరికో బర్రె దగ్గరికో వెళ్ళిపోతుంది. మా తమ్ముడి పేరు యాదగిరి. వాడికి గుట్ట మీది దేవుడి పేరు పెట్టి నాకు ఇది ఎందుకు పెట్టారని చిన్నప్పుడు కోపం ఉండేది. అడగాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

పుల్లయ్య_వేమవరం | ఆదివారం ఉదయం 9:15

నా యూజర్ పేరు చూశాక ఇంకేం చెప్పను? పనికిమాలిన తిరుగుడు ఎవరు తిరిగినా తెలుగుదేశమంతా నా పేరే తలుచుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాకినాడ క్యాంపుకి వెళ్ళొస్తే మేనేజర్ మీటింగులో అందరి ముందూ సామెత అప్పజెప్పాడు. ఆయనకు అది అప్పుడే పుట్టిన జోకు అనుకున్నాడు. నేను అప్పటికి నాలుగొందలోసారి వింటున్నాను.

మా నానమ్మ చెప్పిన ప్రకారం మాదీ తవుడు గారి కథే. పుట్టగానే ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లించారట, పుల్లాకు మీద దొర్లాడు గనక పుల్లయ్య. పిచ్చయ్య, పిచ్చమ్మ, బిక్షపతి, బిక్షమయ్య... వీళ్ళంతా మన సంఘం సభ్యులే. అధ్యక్ష పదవి మీకే ఇస్తున్నాం పెంటయ్య గారూ, కాదనకండి.

సత్తిబాబు_టెక్సాస్ | ఆదివారం ఉదయం 10:48

నాకు ఇరవై ఏళ్ళు అసలు పేరే లేదు.

2005లో పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు వీర వెంకట సత్యనారాయణ అన్నది మొత్తం తీసుకెళ్ళి ఇంటిపేరు గడిలో పడేశారు, పేరు గడి ఖాళీ. తప్పు ఏజెంటుదో నాదో ఇప్పుడు తేల్చలేను. అమెరికా వీసాలో ఆ ఖాళీ గడికి 'ఎఫ్.ఎన్.యు.' అని వేస్తారు, మొదటి పేరు తెలియదు అని దానర్థం. అది అక్కడితో ఆగలేదు. యూనివర్సిటీ కార్డు మీద, బ్యాంకు కార్డు మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద అంతా అదే. క్లినిక్‌లో నర్సు తలుపు తీసి "మిస్టర్ ఫ్నూ?" అని పిలిచింది. ఇద్దరం లేచాం. రెండో ఆయనది కరీంనగర్. ఆ రోజు నుంచి స్నేహితులం.

అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కుకుని పెట్టిన పేరు. అమ్మకి ఇదంతా చెబితే "అంత పొడుగు పేరు వాళ్ళ కంటికి ఆనలేదా?" అంది.

ఇక్కడ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు కావాలంటే పేరు మార్చుకోవచ్చు. శామ్ అని పెట్టుకోవచ్చు, స్టీవ్ అని పెట్టుకోవచ్చు. ఆ గడి ముందు ఒక రాత్రంతా కూర్చున్నాను. చివరికి వీర వెంకట సత్యనారాయణ అని పూర్తిగా రాశాను, ఇంటిపేరు వేరే గడిలో. లైసెన్సు మీద పట్టలేదు, చివరి నాలుగు అక్షరాలు కోసేశారు. పర్లేదు, ఫ్నూ కంటే నయం.

ఆర్మూరు_పసుపు | ఆదివారం ఉదయం 11:20

సత్తిబాబు అన్న చెప్పింది మా నిజామాబాద్ దిక్కు గల్ఫ్ పోయేవాళ్ళకు బాగా తెలుసు. పాస్‌పోర్టు మీద రాజన్న అనో గంగన్న అనో ఒక్క ముక్క ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. 2022 నవంబర్‌లో యూఏఈ వాళ్ళు ఒంటి పేరు ఉంటే విజిట్ వీసా మీద రానియ్యం అన్నారు. మా చిన్నాన్న టికెట్ కొనుక్కుని శంషాబాద్ దాకా పోయి మళ్ళీ వచ్చాడు. తర్వాత పాస్‌పోర్టు లోపలి పేజీలో తండ్రి పేరు ఉంటే చాలు అన్నారనుకోండి. చిన్నాన్న మాత్రం "యాభై ఏండ్ల సంది ఒక్క పేరుతోనే బతికిన, ఇంకొకటి యాడికెల్లి తేవాలె" అని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు.

బాజీ_ఎస్కె | ఆదివారం మధ్యాహ్నం 12:40

అందరివీ చదివి నవ్వుకుంటున్నాను. నాది బాజీ. ముందు ఎస్.కె. ఉంటుంది. హాస్టల్లో రూమ్మేట్ ఆరు నెలల తర్వాత అడిగాడు, "ఒరేయ్, ఎస్.కె. అంటే సురేష్ కుమారా?" అని. షేక్ అని చెబితే "చెప్పవేంట్రా, మొన్న పంది పచ్చడి పెట్టాను కదా నీకు" అని వాడే కంగారు పడ్డాడు. నేను తినలేదులెండి, వాసన చూసి వంకాయ తెప్పించుకున్నాను.

నాకు నా పేరంటే ఇష్టమే. రెండక్షరాలు, ఎవరూ తప్పు పలకరు.

కసుమూరు_దారి | ఆదివారం మధ్యాహ్నం 1:10

బాజీ భాయ్, మీ కష్టానికి తిరగేసిన కష్టం నాది. నా పేరు మస్తాన్‌రావు. మాది నెల్లూరు జిల్లా, కసుమూరు దర్గాలో మస్తాన్ వలీకి అమ్మ మొక్కుకుంటే పుట్టాను. మా ఇంట్లో గోడ మీద వెంకటేశ్వరస్వామి, పక్కనే దర్గా నుంచి తెచ్చిన ఆకుపచ్చ గుడ్డ. ఊళ్ళో ఉన్నంతకాలం ఇందులో విశేషం ఉందని నాకు తెలియదు. మా వీధిలోనే మస్తానయ్యలు ఇద్దరు, మస్తానమ్మ ఒకరు.

ఉద్యోగానికి నగరం వచ్చి ఇల్లు అద్దెకు వెతికినప్పుడు తెలిసింది. మస్తాన్ అనగానే ఫోన్ పెట్టేసినవాళ్ళు ఉన్నారు. రావు అని కలపగానే "మరి మస్తాన్ ఏంటండీ" అని ఆరా తీసినవాళ్ళు ఉన్నారు. ఒకాయన అయితే "ఏదో ఒకటి ఖాయం చేసుకోండి" అన్నాడు. నలభై రెండేళ్ళ వయసులో నేనేం ఖాయం చేసుకోను?

చిత్రావతి | ఆదివారం మధ్యాహ్నం 1:25

మస్తాన్‌రావన్నా, మా అనంతపురం రాండి. గూగూడు కుళ్ళాయిస్వామి పేరు మీద కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు ఎంతమంది కావాలంటే అంతమంది. మొహర్రంలో పీర్ల ముందు అగ్నిగుండం తొక్కేది అందరం. దస్తగిరి అనే పేరు రెండు దిక్కులా ఉంటుంది. పేరు చూసి ఎవరేమిటో చెప్పాలంటే మా ఊళ్ళో పోస్ట్‌మాన్ వల్లే కాదు.

ఆలేరు_ఎల్లయ్య_మనవడు | ఆదివారం సాయంత్రం 4:30

పెంటయ్య అన్నా, మనది ఒకటే దిక్కు. నీ పేరులో నువ్వు మొదటి రెండక్షరాలే చూసుకుంటున్నావు. నేను చివరి రెండక్షరాలు చూస్తున్నాను.

మా తాత పేరు ఎల్లయ్య. కానీ ఆయన్ని ఆ పేరుతో ఊళ్ళో ఎవరూ పిలవలేదు. ఎల్లిగాడు. దొర పిలిచినా, దొర కొడుకు పిలిచినా, అంత ఎందుకు, దొర పదేళ్ళ మనవడు పిలిచినా "అరేయ్ ఎల్లిగా". అయ్య అన్నది ఎవరి పేరు వెనక ఉండాలో, గాడు అన్నది ఎవరి వెనక ఉండాలో పుట్టకముందే రాసిపెట్టి ఉండేది. మా తాతకు చదువు రాదు. ఓటరు లిస్టు వచ్చినప్పుడు మా నాన్న వేలు పెట్టి చదివి చూపించాడట, "ఇగో, ఎల్లయ్య" అని. ఆయన నమ్మలేదు. వేరేవాళ్ళతో మళ్ళీ చదివించుకున్నాడు. ఎలక్షన్ రోజు పోలింగ్ ఆఫీసర్ గట్టిగా పేరు చదివితే "ఇంకోపారి చదువుండ్రి సార్" అన్నాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకే మా అబ్బాయి పేరులో ఎల్లయ్య పెట్టాను. బళ్ళో వాడికి కొంచెం కష్టంగానే ఉంది, అబద్ధం చెప్పను.

శ్రీశైలం_బస్సు | ఆదివారం సాయంత్రం 5:05

ఒక చిన్న మాట. పెంట అంటే చెత్త అన్నది పట్నం అర్థం. నల్లమలలో చెంచుల గూడేలను పెంటలనే అంటారు, అప్పాపూర్ పెంట అలాంటిదే. ఇక రైతు ఇంట్లో పెంట అంటే ఎరువు. మా నాన్న ఎండాకాలంలో బండ్లకొద్దీ పెంట తోలించేవాడు, "ఈసారి నలభై బండ్ల పెంట పడింది" అంటే ఆ చేను వైపు ఊరంతా అసూయగా చూసేది. ఇది చెప్పి మీ పాపను ఒప్పించగలరో లేదో నాకు తెలియదు గానీ.

పాతపేరు | ఆదివారం రాత్రి 9:20

మీరంతా మీ పేర్ల గురించి రాస్తున్నారు. నా పేరు ఏమిటని అడిగితే నేను కొంచెం ఆలోచించాలి.

పుట్టినింట్లో లక్ష్మి. 1988లో పెళ్ళయింది. మా అత్తగారి పేరూ లక్ష్మే. అబ్బాయి తల్లి పేరుతో భార్యను ఎలా పిలుస్తాడు? గృహప్రవేశం రోజు గుమ్మం దగ్గర ఆడపడుచులు అడ్డంగా నిలబడి పేర్లు చెప్పి రమ్మంటారు కదా, అప్పుడు మామగారు లోపలి నుంచి "రాధ అని చెప్పమ్మా" అన్నారు. అలా ఒక్క అడుగులో రాధనయ్యాను. బాధపడటానికి కూడా టైం లేదు, వెనక ఫోటోగ్రాఫర్ తొందర పెడుతున్నాడు. కొన్నాళ్ళకు మా అన్నయ్య కూడా ఉత్తరాల్లో 'చి. సౌ. రాధకు' అని రాయడం మొదలుపెట్టాడు. అది మాత్రం గుచ్చుకుంది.

చాలా ఏళ్ళ తర్వాత ఆధార్ కోసం వెళ్ళాం. సర్టిఫికెట్ ప్రకారం రాసుకుని, ఆ కుర్రాడు "లక్ష్మి గారూ, ఇలా రండి" అని పిలిచాడు. నేను మా అత్తగారి కోసం వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు.

రిటైర్డ్_టీచరమ్మ | ఆదివారం రాత్రి 10:00

లక్ష్మి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

పిల్లలకు ఎన్నికల పాఠం చెప్పేటప్పుడు ఒక విషయం తప్పకుండా చెప్పేదాన్ని. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారు చేస్తుంటే, ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు, ఫలానా ఆయన భార్య, ఫలానా అబ్బాయి తల్లి అనే చెప్పారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అసలు పేరు లేనిదే కుదరదన్నారు. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ ఎంట్రీలు తీసేయాల్సి వచ్చింది. పిల్లలు ఈ సంఖ్య విని నోరెళ్ళబెట్టేవారు. ఇంటికి వెళ్ళి నానమ్మల పేర్లు కనుక్కు రమ్మనేదాన్ని. సగం మందికి నిజంగానే తెలిసేది కాదు.

నా పాపం కూడా ఒకటి చెప్పుకోవాలి. అడ్మిషన్ రిజిస్టర్‌లో పిల్లల పేర్లు మార్చి రాసిన టీచర్లలో నేనొకదాన్ని. పుట్టిన తేదీ తెలియకపోతే జూన్‌లో ఏదో ఒకటి వేసేవాళ్ళం, అలాగే పేరు 'మొరటుగా' అనిపిస్తే సాపు చేసేవాళ్ళం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు పోచమ్మ అనే పిల్లను పూజిత అని రాశాను. మంచి చేశాననే అనుకున్నాను. వారం తర్వాత తల్లి వచ్చింది, చేతిలో ఇంకా కలుపు మట్టి. "మా పోచమ్మ తల్లి పేరు తీసేసినవట టీచరమ్మా. రేపు పిల్లకు జరమొస్తె నువ్వు సూస్తవా?" అంది. కొట్టేసి మళ్ళీ పోచమ్మ అని రాశాను. రిజిస్టర్‌లో కొట్టివేత ఎందుకుందని పై నుంచి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను.

అయితే అందరు తల్లులూ రాలేదు. నేను మార్చిన మిగతావి అలాగే ఉండిపోయాయి.

నాలుగోది | ఆదివారం రాత్రి 11:15

మా అమ్మ పేరు అంతమ్మ. వరసగా నాలుగో ఆడపిల్ల. ఇక్కడితో అంతం కావాలని ఆ పేరు. కాలేదు, తర్వాత ఇంకో ఇద్దరు పిన్నులు. అమ్మకు ఈ అర్థం తెలుసు. రేషన్ కార్డు మీద వేలు పెట్టి "ఇది నా పేరు గాదు, మా నాయిన మొక్కు" అంటుంది.

శ్రీశైలం_బస్సు | ఆదివారం రాత్రి 11:31

అక్కా, అనంతమ్మ అనే పేరు కూడా నోట్లో నలిగి అంతమ్మ అవుతుంది. మా వైపు ఇద్దరు ముగ్గురున్నారు అలా. ఒకవేళ...

నాలుగోది | ఆదివారం రాత్రి 11:40

మీరు మంచి మనసుతో చెప్పారు తమ్ముడూ. కానీ మా తాత బతికుండగా ఆయన్నే అడిగాను. ఆయన దాచలేదు.

ఇద్దరు_పేర్లు | సోమవారం ఉదయం 7:00

ఇంట్లో, చర్చిలో సువార్త. సర్టిఫికెట్లలో సరస్వతి. ఎందుకో ఇక్కడ రాయను, తెలిసినవాళ్ళకు తెలుసు. ఆఫీసులో "సరస్వతీ" అంటే ఉద్యోగి పలుకుతుంది, ఇంటికొచ్చి చెప్పులు విప్పాక ఇంకొకామె. అలవాటైపోయింది. ఫోన్ వచ్చినప్పుడు అవతలివాళ్ళు ఏ పేరు అంటారో దాన్నిబట్టి గొంతు కూడా మారుతుందని మా అమ్మాయి అంటుంది.

హస్త_మూడోపాదం | సోమవారం ఉదయం 8:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మాకు పాప పుట్టింది. హస్తా నక్షత్రం మూడో పాదం. పంతులుగారు 'ణ'తో పేరు పెట్టాలన్నారు. ఇరవై ఒకటో రోజు బారసాల, ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ణతో మొదలయ్యే పేరు ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్. మా మామగారు 'ణిత్య' అంటున్నారు.

కళ్ళద్దాల_శ్రీను | సోమవారం ఉదయం 8:41

శ్రీనివాస్ అని పెట్టేయండి. ఆడపిల్లల్లో ఇంకా ఖాళీ ఉంది.

రిటైర్డ్_టీచరమ్మ | సోమవారం ఉదయం 9:10

బాబూ, అదృష్టం కొద్దీ నాలుగో పాదం కాలేదు. అది 'ఠ'. నక్షత్రం పేరు పంతులుగారి కోసం బియ్యంలో ఒకటి రాయండి, పిలవడానికి మీకు నచ్చింది పెట్టుకోండి. రేపు బడిలో ఒత్తులతో అవస్థ పడేది మీ మామగారు కాదు.

గెజిట్_అయిపోయింది | సోమవారం మధ్యాహ్నం 2:15

అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కనుక నేను ఇస్తాను. నేను మార్చుకున్నాను. నోటరీ అఫిడవిట్, రెండు పేపర్లలో ప్రకటన, తర్వాత గెజిట్. తెలంగాణలో అయితే చంచల్‌గూడలో ప్రభుత్వ ముద్రణాలయం. గెజిట్ చేతికి వచ్చాక ఆధార్, పాన్, బ్యాంకు. ఆధార్‌లో పేరు రెండుసార్లకు మించి మార్చనివ్వరు కాబట్టి స్పెల్లింగు ముందే ఖాయం చేసుకోండి. పాన్‌లో పొడి అక్షరాలు ఒప్పుకోరు, పూర్తిగా రాయాలి, పి.వై. కుదరదు. పదో తరగతి మెమో మాత్రం పాత పేరుతోనే ఉంటుంది, దానికి గెజిట్ జత చేసి తిప్పుకోవడమే.

పాత పేరు ఇక్కడ రాయను. బూతుకు దగ్గరగా ఉండేది. పేరు వెనక ప్రేమ ఉంది, మొక్కు ఉంది అని మీరంతా అంటున్నారు. ఉంటుంది. ఇంటర్వ్యూలో ముగ్గురు తలలు వంచుకుని నవ్వితే ఆ ప్రేమ వచ్చి పక్కన కూర్చోలేదు. మార్చుకున్న రోజు హాయిగా నిద్రపోయాను. ఇంట్లో ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు, అది నాకు అభ్యంతరం లేదు. ఎవరు పిలవాలో నేను నిర్ణయించుకుంటున్నాను, అంతే తేడా. పెంటయ్య గారూ, మార్చుకోవాలనిపిస్తే తప్పుగా అనుకోకుండా మార్చుకోండి.

గుట్టకింది_పిల్లగాడు | తర్వాతి సోమవారం రాత్రి 9:50

వారం ఆలస్యంగా వస్తున్నాను. అందరివీ చదివాను. తవుడు గారు అడిగిన ప్రశ్న పట్టుకుని శనివారం ఊరికి వెళ్ళాను.

అమ్మ మొదట మామూలుగానే లేచి బర్రె దగ్గరికి పోయింది. నేనూ వెనకాలే వెళ్ళి కూర్చున్నాను. పాలు పిండుతూ చెప్పింది, నా మొహం వైపు చూడకుండా. నా ముందు ఇద్దరట. ఒకడు పురిట్లోనే. తర్వాత ఒక ఆడపిల్ల. "పేరు మంచిగనే పెట్టినం, స్వరూప అని. పదకొండు నెలలు పిలిచినం" అంది. మాకు అక్క ఉండేదని నాకు ముప్పై ఆరేళ్ళు తెలియదు.

నేను పుట్టిన మూడో రోజు మా ఇంటి వెనక పెంటకుప్ప మీద చాట పెట్టి అందులో పడుకోబెట్టారు. పక్కింటి లచ్చమ్మ పెద్దమ్మ అటు నుంచి వచ్చి ఏమీ ఎరగనట్టు ఎత్తుకుని, "నాకు పెంట మీద పిల్లగాడు దొరికిండు, ఎవరికన్న గావాల్నా" అని మూడుసార్లు అరిచింది. అమ్మ గడప దగ్గర కూర్చుని "నాకియ్యి" అంది. పావలాకు బేరం కుదిరింది. తీరా చూస్తే ఇంట్లో పావలా లేదు. "రేపిస్త" అంది అమ్మ. ఇవ్వలేదు.

లచ్చమ్మ పెద్దమ్మ ఇంకా ఉంది. ఎనభై దాటాయి, చూపు సరిగ్గా లేదు. నాన్న రేకు పెట్టె వెతికితే ఒక పావలా బిళ్ళ దొరికింది. తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. తడిమి చూసి నవ్వింది. "ఇది చెల్లది గదరా ఇప్పుడు" అంది. నిజమే, 2011లోనే పావలాలు రద్దయ్యాయి. నాకేం తోచక జేబులోంచి అయిదు వందల నోటు తీశాను. పెద్దమ్మకు కోపం వచ్చింది. నా చెయ్యి నెట్టేసింది.

"పావలాకు బేరమైంది. ఐదునూర్లు తీసుకుంటే నువ్వు యిలువైనోనివైతవు. వద్దు. బాకీ అట్లనే ఉండని" అంది.

నాగావళి | తర్వాతి సోమవారం రాత్రి 10:03

ఆ పెద్దమ్మకి నా దండాలు చెప్పండి. మా తవుడు బాకీ ఎవరు తీర్చారో నేనూ కనుక్కోవాలి.

గెజిట్_అయిపోయింది | తర్వాతి సోమవారం రాత్రి 10:10

అఫిడవిట్ ఏమైంది మరి?

గుట్టకింది_పిల్లగాడు | తర్వాతి సోమవారం రాత్రి 10:22

బీరువాలో ఉంది. ఇవ్వలేదు, చింపెయ్యలేదు. పాప మాత్రం తన వంశవృక్షం మళ్ళీ గీసింది. నా పైన ఇంకో చిన్న గడి గీసి స్వరూప అని రాసింది. నా గడిలో పెంటయ్య అని రాసి, పక్కన బ్రాకెట్లో పావలా అని వేసింది. ఈరోజు నోటుబుక్కు దిద్ది పంపారు. పావలా కింద టీచర్ ఎర్ర పెన్నుతో గీత గీసి, పెద్ద ప్రశ్న గుర్తు పెట్టారు.